వయసు అడగండి, ఇంటి అడ్రస్ ఎందుకు?

"ఒకసారి ఐడీ చూపిస్తారా?" అని కౌంటర్ దగ్గర అడగగానే కొందరికి చిర్రెత్తుకొస్తుంది. "నా మొహం చూస్తే తెలియడం లేదా?" అని గొంతు లేస్తుంది. ఇంకొందరు లోలోపల మురిసిపోతారు. నలభై దాటినా కాలేజీ పిల్లలా కనిపించామని ఆ పూట ఇంట్లో అందరికీ చెప్పుకుంటారు. నన్ను అడిగినప్పుడు ఈ రెండూ జరగవు. బ్యాగులోంచి కార్డు తీస్తాను, అడ్రస్ మీద బొటనవేలు పెట్టి పట్టుకుంటాను, పుట్టిన తేదీ చూపిస్తాను. ఈ వ్యాసమంతా ఆ బొటనవేలు గురించే.

వయసు అడగడం తప్పని నేననను. కొన్ని సరుకులకి అడగాల్సిందే. కానీ అమ్మేవాళ్లకి కావలసింది ఒక్క ముక్క: ఈ మనిషికి ఆ వస్తువు కొనే వయసు వచ్చిందా, లేదా. అవును లేదా కాదు, అంతే. ఆ ఒక్క ముక్క కోసం పేరు, ఇంటి నంబరు, కార్డు నంబరు, ఫొటో అన్నీ వాళ్ల చేతిలో పెడుతున్నాం. గుక్కెడు నీళ్లడిగినవాళ్లకి బావి రాసిచ్చినట్టుంది వ్యవహారం. చూసి తిరిగి ఇచ్చేస్తే నాకే అభ్యంతరమూ లేదు. స్కాన్ చేస్తాం, ఫొటో తీసుకుంటాం, సిస్టంలో ఉంచుతాం అన్న దగ్గరే నా పేచీ.

ముందు కౌంటర్ వెనకున్న మనిషి సంగతి చెప్పుకోవాలి. మన చిరాకంతా పడేది ఆ మనిషి మీదే కాబట్టి. అడిగే అధికారం ఆమెకుందని మనకి కనిపిస్తుంది గానీ, అక్కడున్న అందరిలో ఇరుకున పడ్డది ఆమే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2003 నాటి లైసెన్సింగ్ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి మద్యం అమ్మితే, ఆ అమ్మిన మనిషి మీదే కేసు పెట్టొచ్చు. యజమాని ఆ సమయానికి ఏ ఊళ్లో ఉన్నా సరే, బిల్లు కొట్టిన చెయ్యి ఎవరిదో వాళ్లు జవాబు చెప్పుకోవాలి. భారత్‌లో పొగాకు ఉత్పత్తుల చట్టం కింద వచ్చిన నిబంధనలు కూడా, కొనే మనిషి మైనర్ కాదని రుజువు చేసుకునే భారం అమ్మేవాళ్ల మీదే పెట్టాయి. పైగా అధికారులు చాలాచోట్ల ఒక పరీక్ష పెడతారు. తక్కువ వయసు పిల్లల్నే కొనడానికి పంపి, అడుగుతారో లేదో పక్కనుంచి చూస్తారు. బ్రిటన్‌లో, అమెరికాలో ఇది మామూలే. కాబట్టి ఎదురుగా నిలబడ్డ ప్రతి లేత మొహమూ ఆమెకి ఒక అనుమానమే. వెనక క్యూ పెరుగుతూ ఉంటుంది, మెషీన్ ఎర్ర లైటు వెలిగించి కూర్చుంటుంది, ఎదుటివాళ్లు కళ్లెర్రజేస్తుంటారు. ఇంత టెన్షన్‌లో ఉన్న మనిషితో "నన్నే అడుగుతావా" అని తగువేసుకోవడం నాకు నచ్చదు. ఆ రూలు ఆమె పెట్టింది కాదు.

మొహం చూసి వయసు చెప్పడం అంత తేలిక కూడా కాదు. పదిహేడేళ్ల కుర్రాడు గడ్డం పెంచితే ఇరవై మూడేళ్లవాడిలా ఉంటాడు. ఇరవై ఆరేళ్ల అమ్మాయి జడ వేసుకుని, పుస్తకాల సంచీ తగిలించుకుని వస్తే ఇంటర్ చదువుతోందేమో అనిపిస్తుంది. అందుకే నిబంధనల్లో కాస్త జాగా వదులుతారు. బ్రిటన్‌లో 'చాలెంజ్ 25' అని కౌంటర్ల దగ్గర బోర్డు కనిపిస్తుంది. కొనడానికి కావలసిన వయసు 18 అయినా, 25 కంటే తక్కువగా కనిపించే ఎవరినైనా అడగాలని దాని అర్థం. స్కాట్లాండ్‌లో మద్యం అమ్మే షాపులకి 2011 నుంచి ఇది చట్టపరంగా తప్పనిసరి. అమెరికాలో 2019 డిసెంబరులో పొగాకు కొనే వయసు దేశమంతటా 21 అయింది. కార్డు ఎవరిది చూడాలన్న గీత మాత్రం ఇంకా పైనుంది. ముందు 27 ఏళ్లలోపు వాళ్లది చూడాలనేవారు, 2024 సెప్టెంబరు 30 నుంచి దాన్ని 30 చేశారు. ఇరవై తొమ్మిదేళ్ల మనిషిని ఆపి అడిగితే అదేం అవమానం? ఆ నిబంధన నమ్మనిది కొనేవాళ్లని కాదు, అమ్మేవాళ్ల కంటిచూపుని.

అసలు ఇదంతా పనిచేస్తుందా అని అడిగేవాళ్లున్నారు. కొంతవరకు చేస్తుంది. అమెరికాలో 1984లో ఒక చట్టం తెచ్చారు. తాగే వయసు 21కి పెంచని రాష్ట్రాలకి రోడ్ల నిధుల్లో కోత పెడతామన్నారు. 1988 కల్లా అన్ని రాష్ట్రాలూ దారికొచ్చాయి. కుర్రాళ్ల రోడ్డు ప్రమాద మరణాలు తగ్గడంలో దానికి భాగం ఉందని అక్కడి రహదారి భద్రతా సంస్థ చెబుతుంది. అయితే పిల్లల చేతికి సిగరెట్టో సీసానో చేరే దారి ఒక్క కౌంటరే కాదు. పెద్ద స్నేహితులు కొనిపెడతారు, అన్నయ్యలు తెచ్చిస్తారు, ఇంట్లో అలమరా తెరిచే ఉంటుంది. కౌంటర్ దగ్గర అడగడం ఒక తలుపు మూస్తుంది. అంతే తప్ప ఇల్లంతా మూసేశామని ఎవరూ అనుకోకూడదు. ఇంకో సంగతి. ఎంత మంచి జరుగుతుందో చూసే కదా, దానికి ఎంత మూల్యం చెల్లించాలో తేల్చుకోవాలి. ఒక తలుపు మూయడానికి ఊళ్లో ప్రతి ఒక్కరి కార్డూ కాపీ తీసుకోవడం నా లెక్కలో ఎక్కువ మూల్యమే.

వయసు అడిగే సరుకుల జాబితా ఒకసారి చూడండి. బ్రిటన్‌లో చాలాచోట్ల కత్తులకి 18 ఏళ్లు నిండాలి. లాటరీ టికెట్‌కి 2021 దాకా 16 ఉండేది, ఆ ఏడాది 18 చేశారు. పండగపూట లాగితే టప్‌మని పేలే క్రిస్మస్ కాగితపు గొట్టానికి కూడా 12 ఏళ్లు ఉండాలి! ఎనర్జీ డ్రింకులు 16 లోపు పిల్లలకి అమ్మబోమని పెద్ద సూపర్ మార్కెట్లు 2018లో ఎవరూ చట్టం చేయకుండానే నిర్ణయించుకున్నాయి. జర్మనీలో బీరుకి, వైనుకి 16, ఘాటు మద్యానికి 18. జపాన్‌లో 2022 ఏప్రిల్‌లో మేజర్ అయ్యే వయసు 20 నుంచి 18కి దించారు, మద్యం, పొగాకు మాత్రం 20 దగ్గరే ఆపేశారు. అంటే అక్కడ పందొమ్మిదేళ్ల మనిషి ఇల్లు అద్దెకి తీసుకుని ఒప్పందం మీద సంతకం పెట్టగలడు, సిగరెట్ పెట్టె కొనలేడు. ఈ అంకెలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఒక్కో దేశం తన భయాలని, తన బేరసారాలని బట్టి గీసుకున్న గీతలివి. గీత ఎక్కడున్నా, షాపుకి తేలాల్సింది అదే: గీతకి ఇటా, అటా.

ఇక్కడ షాపులు చేసే అతి కూడా ఉంది. నలుగురు స్నేహితులు కలిసి వెళ్తే, కొనేది ఒక్కరే అయినా, నలుగురి కార్డులూ అడుగుతారు. ఒకరి దగ్గర లేకపోతే ఎవరికీ అమ్మరు. పెద్దవాళ్లు కొని చిన్నవాళ్ల చేతికిస్తారన్న అనుమానం కొంతవరకు అర్థమవుతుంది. కానీ తల్లి పక్కన పదిహేనేళ్ల కొడుకు సంచీ మోస్తూ నిలబడ్డాడని తల్లికి అమ్మకపోవడం ఏ చట్టంలోనూ లేదు. అలా తిప్పి పంపిన ఒకావిడ బాధ నేను పక్క లైన్లో నిలబడి చూశాను. అబ్బాయి మొహం చిన్నబోయింది. ఆ అమ్మకందారు తప్పుపట్టలేనంత భయపడి ఉన్నాడు, ఆ తల్లి కోపంలోనూ తప్పు లేదు. సరైన ట్రైనింగ్ ఇవ్వకుండా భయం మాత్రం పెట్టి కౌంటర్లో నిలబెట్టిన యజమాన్యానిది ఆ తప్పు.

మరి కొన్ని షాపులు "మేం అందరినీ అడుగుతాం" అంటాయి. డెబ్బై ఏళ్ల పెద్దాయన ఊతకర్ర పక్కన ఆనించి పర్సు వెతుక్కుంటుంటే చూసేవాళ్లకి నవ్వొస్తుంది. మొదట్లో నాకూ ఇది బుద్ధిలేని పనే అనిపించేది. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. కంటికి తోచినట్టు అడగడంలో ఒక చిక్కుంది. ఎవరు అనుమానంగా కనిపిస్తారన్నది అడిగేవాళ్ల మనసులో ముందే ఉంటుంది. రంగును బట్టి, బట్టలను బట్టి, యాసను బట్టి కొందరినే పదే పదే ఆపడం జరుగుతుంది. పొట్టిగా, సన్నగా ఉన్నవాళ్ల పాట్లు చెప్పక్కర్లేదు. అందరినీ అడిగితే కనీసం ఆ వేలు ఎత్తి చూపడం ఉండదు. కానీ దీనికి నేను ఒకే ఒక షరతు మీద ఒప్పుకుంటాను. కార్డు కంటితో చూసి ఇచ్చేయాలి. స్కాన్ చేసి దాచుకునే షాపు అందరినీ అడగడం మొదలుపెడితే, అది న్యాయం పేరుతో ఊరందరి జాబితా తయారు చేసుకోవడమే అవుతుంది. అడిగేది ఎంతమందిని అన్న ప్రశ్నకి జవాబు, అడిగి ఏం ఉంచుకుంటారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు కార్డు దగ్గరికొద్దాం. అమెరికా డ్రైవింగ్ లైసెన్స్ వెనక ఒక వెడల్పాటి బార్‌కోడ్ ఉంటుంది. అందులో పేరు, అడ్రస్, పుట్టిన తేదీ, ఎత్తు, కళ్ల రంగు, లైసెన్స్ నంబరు అన్నీ మామూలు స్కానర్ చదవగలిగేలా ఉంటాయి. కౌంటర్లో మెషీన్ బీప్‌మన్నప్పుడు "ఓకే" అని పచ్చ లైటు వెలిగింది మనకి కనిపిస్తుంది. ఆ క్షణంలో ఏమేం చదివిందో, ఎక్కడికి పంపిందో కనిపించదు. విచిత్రం ఏంటంటే, అదే అమెరికాలో చాలా రాష్ట్రాలు 21 నిండనివాళ్లకి కార్డుని నిలువుగా అచ్చువేస్తాయి. దూరం నుంచి ఆకారం చూస్తేనే తెలిసిపోతుంది. తేదీ కూడా చదవక్కర్లేదు. ఒక అట్టముక్కని నిలువుగా తిప్పితే సరిపోయిన పనికి డేటాబేస్ కావాలంటున్నారు.

ఒకసారి ఒక షాపులో వంటింటి కత్తి కొన్నాను. కుర్రాడు కార్డు చేతిలోకి తీసుకున్నాడు, జేబులోంచి తన సొంత ఫోన్ తీసి ముందొకటి వెనకొకటి ఫొటోలు లాగేశాడు. "ఇదెందుకు బాబూ?" అంటే, "మేనేజర్ గారు వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నారు మేడమ్, తర్వాత ఎవరైనా అడిగితే చూపించడానికి" అన్నాడు. పాపం, దాపరికం ఏమీ లేదు. ఆ గ్రూపులో ఎంతమంది ఉన్నారని అడిగాను. పాత స్టాఫ్ కూడా ఉన్నారట. మానేసిన వాళ్లని తీసేయడం ఎవరికీ గుర్తు రాలేదు. నా ముందే డిలీట్ చేయించాను. (డిలీట్ చేశాక చెత్తబుట్ట ఫోల్డర్‌లోనూ డిలీట్ చేయాలని అతనికి నేనే చూపించాల్సొచ్చింది.) ఈలోగా వెనక క్యూలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు. గొడవపడే ఆవిడ అన్న పేరు నాకొచ్చింది, నా కార్డు ఫొటోలు అడిగిన మేనేజర్‌కి ఏ పేరూ రాలేదు.

ఇంకో చోట ఇంకో రకం. కౌంటర్లో ఉన్నతను కార్డు మీద అడ్రస్ చదివి, "అరే, మీరుండేది అక్కడా! నేను రోజూ ఆ దారినే వెళ్తాను" అన్నాడు నవ్వుతూ. అతని మనసులో చెడు ఏమీ లేకపోవచ్చు. లేదనే అనుకుంటున్నాను. కానీ ఒంటరిగా ఉండే ఏ ఆడమనిషినైనా అడగండి, ఆ మాట ఎలా వినిపిస్తుందో. ఆ రోజు నుంచే కార్డు పట్టుకునే తీరు మార్చుకున్నాను. ఎవరైనా వెంటపడి వేధిస్తుంటే ఇల్లు మారి, ఆ సంగతి చుట్టాలకి కూడా చెప్పకుండా దాచుకునేవాళ్లుంటారు. వాళ్లకి ఈ కార్డు చూపించడమంటే కొత్త అడ్రస్ పరాయి మనిషికి చెప్పడమే. వయసు నిబంధనలు రాసేటప్పుడు వీళ్లు ఎవరికీ గుర్తు రారు.

షాపులవాళ్ల వైపు నుంచి ఒక వాదన ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టేయలేం. "కాపీ ఉంచుకోకపోతే, మేం అడిగామని రేపు తనిఖీలో ఎలా రుజువు చేస్తాం?" అంటారు. ఇందాక చెప్పిన 2003 చట్టాన్నే చూద్దాం. అమ్మిన మనిషి తనను తాను కాపాడుకోవడానికి చెప్పగలిగింది ఇదీ: వచ్చినవాళ్లకి పద్దెనిమిది నిండాయని నమ్మాను, వయసు రుజువు అడిగాను, చూపించింది మామూలు మనిషి ఎవరైనా నమ్మేలా ఉంది. కాపీ తీసి దాచాలన్న షరతు అందులో లేదు. అడిగామని చూపించుకోవడానికి అక్కడి షాపులు ఇంకో పద్ధతి పాటిస్తాయి. ఎవరికైనా అమ్మనప్పుడు ఒక పుస్తకంలో రాసుకుంటారు: ఏ రోజు, ఏ టైమ్‌కి, ఏ సరుకు, ఎందుకు ఇవ్వలేదు. అమ్మనివాటి లెక్క అది. పేజీలు నిండుతున్నాయంటే ఆ షాపు నిజంగా అడుగుతోందని తనిఖీకి వచ్చినవాళ్లకి అర్థమవుతుంది. కొన్నవాళ్ల కార్డుల అవసరమే రాదు. స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇచ్చిన తేదీలు, సీసీ కెమెరా రికార్డు కూడా ఉండనే ఉంటాయి. ఇన్ని ఉండగా కార్డు ఫొటో తీయడం ముందు జాగ్రత్త అనిపించుకోదు. సోమరితనం అంటాను నేను.

దాచుకున్నది ఎప్పటికైనా బయటపడుతుంది. 2025 అక్టోబరులో డిస్కార్డ్ అనే చాటింగ్ సంస్థ ఒక ప్రకటన చేసింది. తమ కస్టమర్ సపోర్ట్ పని చూసే బయటి కంపెనీ నుంచి డేటా లీకైందని, దాదాపు 70,000 మంది గుర్తింపు కార్డుల ఫొటోలు బయటపడి ఉండొచ్చని చెప్పింది. వయసు విషయంలో అప్పీలు చేసుకోవడానికి జనం పంపిన ఫొటోలు కూడా అందులో ఉన్నాయి. వాళ్లు చేసిన తప్పల్లా తమ వయసు రుజువు చేసుకోవాలనుకోవడమే. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. క్రెడిట్ కార్డు పోతే బ్లాక్ చేయిస్తాం. పుట్టిన తేదీ మార్చుకోవడానికి ఏ ఆఫీసుకి వెళ్లాలి? పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీకే ఇలా జరిగితే, మేనేజర్ గారి వాట్సాప్ గ్రూపు సంగతి చెప్పేదేముంది.

ఇంత యాతన లేకుండా అవునో కాదో మాత్రమే చెప్పే దారులు లేవా అంటే, ఉన్నాయి. కొత్తవి కూడా కాదు. జర్మనీలో రోడ్డు పక్క సిగరెట్ మెషీన్లు 2007 నుంచే బ్యాంకు కార్డు చిప్‌లో ఉన్న వయసు గుర్తుని చదివి సరుకిస్తున్నాయి. 2010 నవంబరులో వచ్చిన అక్కడి గుర్తింపు కార్డులో ఇంకా చక్కని ఏర్పాటుంది. ఎదుటి సిస్టం ఒక తేదీ ఇచ్చి "ఈ మనిషి ఇంతకుముందే పుట్టారా?" అని అడుగుతుంది. చిప్ తన లోపలే సరిచూసుకుని జవాబిస్తుంది. పుట్టిన తేదీ చిప్ దాటి బయటికి రాదు. ఫోన్‌లో పెట్టుకునే డ్రైవింగ్ లైసెన్స్‌కి 2021లో ఒక అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అందులో కూడా "18 దాటాయా", "21 దాటాయా" అన్నవి పుట్టిన తేదీ నుంచి వేరుచేసి విడిగా అడగగలిగే ప్రశ్నలు. యూరోపియన్ యూనియన్ సభ్యదేశాలన్నీ 2026 చివరికల్లా తమ పౌరులకి ఫోన్‌లో ఉంచుకునే డిజిటల్ గుర్తింపు వాలెట్ ఇవ్వాలని 2024లో చట్టమైంది. మిగతా వివరాలు మన దగ్గరే ఉంచుకుని, అడిగినంత మేరకే చూపించగలగడం ఆ చట్టం అనుకున్న వాటిలో ఒకటి.

దీన్నీ గుడ్డిగా మెచ్చుకోలేను. ఫోన్ చూపించమంటే ఫోన్ లాక్ తీసి పరాయివాళ్ల చేతికివ్వడం అలవాటైపోతే అది ఇంకో ముప్పు. మనం చూపించిన ప్రతిసారీ ఆ యాప్ వెనక్కి ఫోన్ చేసి "ఈమె ఇప్పుడు ఫలానా షాపులో ఉంది" అని ప్రభుత్వ సర్వర్‌కి చెప్పేలా కట్టారంటే, షాపు చేతుల్లోంచి తప్పించుకుని సర్కారు చేతుల్లో పడ్డట్టే. సాంకేతికంగా అలా చెప్పకుండా కట్టడం సాధ్యమే. కట్టారో లేదో చూడటానికి బయటివాళ్లని లోపలికి రానివ్వాలి. ఇదంతా జరగాలి.

ఇక కెమెరా చూసి వయసు అంచనా కట్టే మెషీన్ల సంగతి. కార్డు అక్కర్లేదు, పేరు అడగదు, కాబట్టి ఇదే మేలనేవాళ్లున్నారు. 2008లో జపాన్‌లో సిగరెట్ మెషీన్లకి మొహం చూసి వయసు చెప్పే కెమెరాలు పెట్టారు. పత్రికలోని ఫొటో ఎదురుగా పెట్టినా సిగరెట్లు ఇచ్చేస్తున్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. అప్పటికీ ఇప్పటికీ టెక్నాలజీ బాగా మెరుగైంది, నిజమే. కానీ అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024లో ఇలాంటి సాఫ్ట్‌వేర్లని పరీక్షించి చూస్తే, ఆడవాళ్ల మొహాల దగ్గర దాదాపు ప్రతిసారీ పొరపాటు ఎక్కువగా వచ్చింది. గీతకి దూరంగా ఉన్న నాలాంటివాళ్లని ఆపకుండా పంపేయడానికి ఇది పనికొస్తుంది. పందొమ్మిదేళ్ల అమ్మాయికి మాత్రం మెషీన్ కాదంటే చివరికి కార్డే దిక్కు.

షాపు నుంచి ఇంటర్నెట్‌కి వచ్చేసరికి కథ ఇంకా ముదురుతుంది. కౌంటర్ దగ్గర కార్డు చూసిన మనిషి పది నిమిషాల్లో మర్చిపోతాడు. ఆన్‌లైన్‌లో చూసి మర్చిపోవడమన్నది లేదు. అప్‌లోడ్ అయిన ప్రతిదీ ఎక్కడో ఒకచోట కాపీగా ఉంటుంది. ఇన్నాళ్లూ "మీకు 18 నిండాయా?" అన్న పెట్టెలో టిక్కు పెడితే సరిపోయేది, అందరూ 1 జనవరి 1990న పుట్టేవారు. ఆ రోజులు పోతున్నాయి. బ్రిటన్ ఆన్‌లైన్ భద్రతా చట్టం కింద 2025 జులై 25 నుంచి పెద్దలకి మాత్రమే అయిన సైట్లు గట్టి వయసు తనిఖీ చేయాలి. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్లు ఉండకూడదంది. భారత్‌లో 2023 నాటి డేటా రక్షణ చట్టం 18 లోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలంటుంది. ఉద్దేశాలన్నీ పిల్లల మేలు కోరేవే. అయితే పిల్లలెవరో తెలియాలంటే పెద్దలని కూడా తనిఖీ చేయాలి. పిల్లల కోసం పెట్టిన గేటు ముందు పెద్దలంతా కార్డులు పట్టుకుని నిలబడాలి. ఇంటికొచ్చి సరుకిచ్చే డెలివరీ అబ్బాయి కూడా గుమ్మంలో నిలబడి కార్డు ఫొటో తీస్తానంటాడు. సరుకు తెచ్చాడు కాబట్టి ఇల్లు ఎలాగూ తెలుసు, ఇప్పుడు పుట్టిన తేదీ, కార్డు నంబరు కూడా ఆ ఫోన్‌లోకి చేరతాయి.

కార్డే లేనివాళ్ల సంగతి అందరూ చివర్లో ఒక వాక్యంలో తేల్చేస్తారు. ప్రపంచంలో దాదాపు 85 కోట్ల మందికి అధికారిక గుర్తింపు పత్రం ఏదీ లేదని ప్రపంచ బ్యాంకు కొన్నేళ్ల కిందట అంచనా వేసింది. అయిదేళ్లలోపు పిల్లల్లో సుమారు 15 కోట్ల మంది పుట్టుక ఎక్కడా నమోదే కాలేదని యూనిసెఫ్ 2024లో చెప్పింది. వాళ్లు పద్దెనిమిదికి వచ్చేసరికి దేని సాయంతో రుజువు చేసుకుంటారు? ఉన్న కార్డులన్నీ పనికొస్తాయని కూడా లేదు. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని దాన్నిచ్చే సంస్థే చెప్పింది. కౌంటర్ దగ్గర మాత్రం అందరూ అదే అడుగుతారు. పరాయి దేశంలో చదువుకుంటున్న పిల్లలు ఏ చిన్న వస్తువు కొనాలన్నా పాస్‌పోర్ట్ జేబులో వేసుకుని తిరగాలి, ఎందుకంటే వాళ్ల దేశపు లైసెన్స్ అక్కడి షాపువాళ్లకి అర్థం కాదు. కారు నడపని మనిషికి లైసెన్స్ ఉండదు. బ్రిటన్‌లో ఇలాంటివాళ్ల కోసమే 2001లో 'పాస్' అనే హోలోగ్రాం గుర్తున్న వయసు కార్డుల పద్ధతి తెచ్చారు. దాని మీద ఫొటో, పుట్టిన తేదీ, పేరు ఉంటే చాలు. చౌకగా, సులువుగా, ఇంటి అడ్రస్ బయటపెట్టని కార్డు ప్రతి దేశమూ ఇవ్వగలదు. పెద్ద టెక్నాలజీ రాకముందే చేయగలిగిన పని ఇది.

చట్టం వైపు నుంచి నేను కోరేది పెద్దగా ఏమీ లేదు, సగం ఇప్పటికే ఎక్కడో ఒకచోట రాసి ఉంది. అవసరమైనంతకు మించి సేకరించొద్దని యూరప్‌లో 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం చెబుతుంది. వయసు చూడటానికి లైసెన్స్ స్కాన్ చేయొచ్చు గానీ, ఆ సమాచారాన్ని వేరే పనికి వాడకూడదని కాలిఫోర్నియా చట్టం షాపులకి గీత గీసింది. పని అయిపోయాక చెరిపేయాలని భారత చట్టమూ అంటుంది. రాయనిది ఒక్కటే: కొనేవాళ్లు తక్కువ చెప్పి రుజువు చేసుకోగలిగితే, ఎక్కువ అడిగే హక్కు షాపుకి లేదు అని. వాలెట్‌లో "18 దాటాయి" అన్న పచ్చగుర్తు చూపించినా, "అలా కాదు మేడమ్, కార్డే కావాలి" అనే షాపు రేపు తప్పకుండా ఉంటుంది. అప్పుడు ఆ షాపు మీద ఫిర్యాదు ఎవరికి చేయాలో చట్టంలో లేకపోతే ఇంత టెక్నాలజీ కట్టి లాభం లేదు.

అప్పటిదాకా నా పద్ధతి నాది. చూస్తామంటే నవ్వుతూ చూపిస్తాను. స్కాన్ అంటే, ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరు చూస్తారు అని అడుగుతాను. కౌంటర్లో ఉన్న అమ్మాయికి జవాబు తెలియదు, ఆమెకి తెలియాల్సిన పనీ లేదు. ఆ జవాబు ఆమె వెనక గోడ మీద, వయసు బోర్డు పక్కనే అచ్చువేసి ఉండాలి. చాలా చోట్ల "సరే, చూస్తే చాలులెండి" అని తేదీ చదివి పంపేస్తారు. స్కాన్ లేకుండా కుదరదన్న చోట సరుకు అక్కడే పెట్టేసి, ఎందుకు కొనలేదో మేనేజర్‌కి కాగితం మీద రాసిచ్చి వస్తున్నాను. ఇప్పటికి ఒక్క మేనేజరే తిరిగి ఫోన్ చేశాడు. స్కానర్ పెట్టమన్నది హెడ్డాఫీసట, అందులో చేరిన వివరాలు ఎక్కడికి వెళ్తాయో అతనికీ ఎవరూ చెప్పలేదట.